లక్ష్మీబాయి తిలక్ స్మృతిచిత్రములు

జీవితము నడుమ విరిగి మరల అతుకుకొన్నవారు ఆత్మకథ వ్రాయబూనినపుడు వారికొక చిక్కు ఎదురగును. కథ చెప్పుచున్నది ఇప్పటి మనిషి. కథలోని మొదటి సగమును జీవించినది అప్పటి మనిషి. ఈ ఇరువురకును ఇల్లు ఒకటి కాకపోవచ్చును, మతము ఒకటి కాకపోవచ్చును, ఒక్కొక్కప్పుడు పేరుకూడ ఒకటి కాకపోవచ్చును. అప్పటి మనిషిని ఇప్పటి మనిషి ఏ కంటితో చూడవలెను? అజ్ఞానియని ఖండింపవలెనా? అమాయకుడని జాలిపడవలెనా? ఆ మనిషి తాను కానే కాదన్నట్లు తలుపు మూసివేయవలెనా? ఆత్మకథలు వ్రాసినవారిలో పెక్కుమంది ఈ మూడింటిలో ఏదో ఒక త్రోవను పట్టిరి. మరాఠీలో లక్ష్మీబాయి తిలక్ వ్రాసిన ‘స్మృతిచిత్రే’ ఈ మూడింటిని విడిచి వేరొక త్రోవను తొక్కినది. భారతీయ భాషలలోని ఆత్మకథల నడుమ ఆ గ్రంథమునకు గల ప్రత్యేకత అదియే.

తిలక్ అనగానే తెలుగు పాఠకునకు లోకమాన్యుడు స్ఫురించును; కవితాభిమానులకు దేవరకొండ బాలగంగాధర తిలక్ స్ఫురించును. ఇక్కడ ప్రసక్తమైన తిలక్ వీరిరువురును కాడు. నారాయణ వామన తిలక్ (1861–1919) మహారాష్ట్రమున పేరొందిన కవి. పువ్వులను గూర్చియు పసిపిల్లలను గూర్చియు మృదువైన కవిత్వము చెప్పినవాడు. క్రైస్తవుడైన పిమ్మట మరాఠీ భక్తకవుల అభంగ ఛందమునందే క్రీస్తును కీర్తించినవాడు. లక్ష్మీబాయి ఆయన భార్య. ఆమె 1868లో నాసిక్ సమీపమున జలాల్‌పూర్ గ్రామములో ఒక సనాతన బ్రాహ్మణ కుటుంబమున జన్మించినది. పదునొకండవ యేట వివాహమయ్యెను. 1895లో భర్త బొంబాయిలో బాప్తిస్మము పొందెను. కొన్ని సంవత్సరముల ఎడబాటు తరువాత ఆమె ఆయన చెంతకు చేరి, 1900లో తానును క్రైస్తవమతమును స్వీకరించెను. 1919లో భర్త గతించెను. ‘స్మృతిచిత్రే’ 1934 మొదలు 1937 వరకు నాలుగు భాగములుగా వెలువడినది. 1936లోనే ఆమె కన్నుమూసినందున తుది భాగమును అచ్చులో చూచుకొను అవకాశము ఆమెకు కలుగలేదు.

ఈ సంవత్సరములను వరుసగా పేర్చి చూచినచో ఒక్క స్త్రీ ఎన్నిమారులు తన బ్రతుకును మొదటినుండి కట్టుకొనవలసి వచ్చినదో తెలియును. పుట్టినింటి పిల్ల పదునొకండవ యేట అత్తవారింటి కోడలయ్యెను. సంసారము కుదుటపడక మునుపే భర్త మతము మారి, ఆమె భర్త బ్రతికియుండగనే భర్త లేనిదయ్యెను. తరువాత బ్రాహ్మణ స్త్రీ క్రైస్తవ స్త్రీ అయ్యెను. ఆ పిమ్మట కవి భార్య కవి వితంతువయ్యెను. వీనిలో ఏ మార్పును ఆమె మొదట కోరుకొన్నది కాదు. ప్రతి మార్పును బయటినుండి వచ్చి ఆమె మీద పడినదే. పడినదానిని తనదిగా చేసికొన్న తీరే ఈ గ్రంథమునకు వస్తువు.

మతము మారినవారి ఆత్మకథలకు మహారాష్ట్రమున అప్పటికే ఒక సంప్రదాయము ఏర్పడియుండెను. ‘యమునా పర్యటన్’ (1857) అను తొలినాటి మరాఠీ నవలను వ్రాసిన బాబా పదమన్‌జీ తన ఆత్మకథకు ‘అరుణోదయ’ అని పేరు పెట్టెను. ఆ పేరులోనే గ్రంథప్రణాళిక యావత్తును ఇమిడియున్నది: వెనుక రాత్రి, ముందు పగలు, నడుమ ఒక రేఖ. పండితా రమాబాయి 1883లో ఇంగ్లండులో బాప్తిస్మము పొంది, 1907లో ఆంగ్లమున తన సాక్ష్యమును ప్రకటించెను. శాస్త్రములు చదివి, వాదించి, ఒకదానిని విడిచి మరొకదానిని చేపట్టిన విదుషీమణి నడచిన మార్గమది. మతాంతరులే కాదు, సంస్కర్తలును తమ జీవితములను ఇట్లే విభజించుకొనిరి. తెలుగున వీరేశలింగము పంతులుగారి ‘స్వీయ చరిత్రము’ చదివినవారికి ఈ ధోరణి పరిచితమే. అందు జీవితమొక పోరాటము. గడచిన ఆచారము ప్రతిపక్షము. రచయిత ఏ పక్షమున నిలిచెనో పాఠకునకు ఏ పుటలోనైనను తెలియును. ఇట్టి రచనలకు గల బలము నిస్సంశయము. ఐనను వీనియందు పాత మనిషి తన పక్షమున మాటలాడుటకు అవకాశము తక్కువ. అతడు తీర్పు వినుటకే సభలోనికి పిలువబడును.

లక్ష్మీబాయి గ్రంథము తీర్పుతో మొదలు కాదు. పుట్టినింటి మడితో మొదలగును. 1857 తిరుగుబాటు నాటి అలజడిలో ఆమె మాతామహుని ఉరి తీసిరి. ఆ దెబ్బతో ఆమె తండ్రి మనస్సు చెదరి, మడి యను పిచ్చిగా పరిణమించెను. బయటినుండి వచ్చిన ప్రతి వస్తువును, ప్రతి మనిషియు ఆయన కంటికి మైలగా కనబడజొచ్చిరి. కడుగుటయే ఆ ఇంట నిత్యకృత్యమయ్యెను. ఇల్లాలు, పిల్లలు ఆ నీళ్ళలో నానుచు బ్రతికిరి. సంస్కర్త చేతిలో పడినచో ఈ ఘట్టము మూఢాచార ఖండనమునకు చక్కని ఉదాహరణమై యుండును. లక్ష్మీబాయి చేతిలో ఇది ఒక భయపడిన మనిషి కథగా మిగిలినది. ఆమె తండ్రిని చూచి నవ్వును. ఆ నవ్వులో పాఠకుడును పాలుపంచుకొనును. కాని ఆ మడి వెనుక ఒక ఉరికంబము ఉన్నదని ఆమె ముందే చెప్పియుండుటచే ఆ నవ్వు నడుమనే ఆగిపోవును.

భర్త చిత్రణమును ఇట్టిదే. తిలక్ ప్రతిభావంతుడు, ఉదారుడు, క్షణికకోపి, ఇల్లు పట్టనివాడు. నాసిక్, నాగపూర్, రాజనాందగావ్ — ఒక ఊర నిలకడగా ఉండుట ఆయన ఎరుగడు. ఇంటి వెచ్చములకు ఉంచిన రూకలు దారిలో కనబడిన పేదవాని చేతిలో పడుట ఆయనకు సహజము. మరునాటి వంట ఎట్లను చింత భార్యకు సహజము. భక్తులు ఆయనలో ఋషిని చూచిరి. భార్య ఋషిని కాదనదు. ఐతే ఋషి ఇంట బియ్యపు డబ్బా ఖాళీగా ఉండుటయును మరువదు. ఈ రెండింటిని ఒకే వాక్యములో చెప్పగలుగుట ఆమె విశిష్టత. మరాఠీలో మహాపురుషుల భార్యలు వ్రాసిన గ్రంథములలో ఆరాధనము లేకుండ ప్రేమను, ద్వేషము లేకుండ ఫిర్యాదును ఇంత చక్కగా పొందుపరచినది మరొకటి అరుదు.

రైలు ప్రయాణములో ఒక పాశ్చాత్యుడు ఇచ్చిన బైబిలుతో తిలక్ మనస్సున మొలకెత్తిన సంచలనము 1895లో బాప్తిస్మముగా పర్యవసించినది. ఆ వార్త విన్ననాటి లక్ష్మీబాయి స్థితిని వర్ణించు ప్రకరణములు ఈ గ్రంథమునకు గుండెకాయ వంటివి. అప్పటి సమాజమున వితంతువునకు ఒక స్థానము కలదు, అది ఎంత క్రూరమైనదైనను. సుమంగళికి ఒక స్థానము కలదు. మతము విడిచిన భర్తకు భార్యయైన స్త్రీకి పేరే లేదు. ఆమె బొట్టు ఏ పురుషుని పేర? ఆమె కుమారుడు ఏ ఇంటి బిడ్డ? బంధువుల ఇండ్లలో తల దాచుకొన్న ఆ సంవత్సరములలో ఆమె ఏడ్చెను, జబ్బుపడెను, భర్త ఉత్తరముల కొరకు ఎదురుచూచెను, ఆ ఉత్తరములపై కోపించెను. పాఠశాల ముఖమెరుగని ఆ స్త్రీ ఆ దుఃఖములోనే పద్యములు అల్ల నేర్చుకొనెను. కవి ఇంట ఉన్నన్నాళ్ళు ఆమె వినుటయే గాని చెప్పుట లేదు. కవి వెడలిపోయిన తరువాత ఖాళీయైన ఆ చోట ఆమె గొంతు మొదటిసారి వినబడినది. ఆమె ఈ మాటను సిద్ధాంతముగా చెప్పలేదు. ప్రకరణముల వరుసను గమనించిన పాఠకునకు అది తానుగా తెలియును.

తరువాతి ఘట్టమును ఈ గ్రంథమునకు తాళపుచెవి యనవచ్చును. లక్ష్మీబాయి భర్త చెంతకు తిరిగి వచ్చెను. కాని మతము మార్చుకొని రాలేదు. అహ్మద్‌నగరు ప్రాంతమున క్రైస్తవుల నడుమ కాపురముండియు ఆమె తన వంట వేరుగా వండుకొనెను, తన నీరు తాను తెచ్చుకొనెను. భర్త అడ్డు చెప్పలేదు. తండ్రి మడిని చూచి నవ్విన కూతురు, ముప్పది యేండ్ల ప్రాయమున, పరుల నడుమ తన బిందెను తాను కాపాడుకొనుచు నిలిచినది. ఇక్కడ రచయిత్రి తన్ను చూచి తాను నవ్వుకొనును. ఆ నవ్వు మొదటి ప్రకరణములో తండ్రిని చూచి నవ్విన నవ్వే. తండ్రి భయమునకు ఉరికంబము కారణమైనట్లే కూతురి బిందెకును ఒక కారణము కలదు: ఇల్లు, బంధువులు, గౌరవము పోయిన తరువాత తనదని చెప్పుకొనుటకు మిగిలినది ఆ నీటిబిందె ఒక్కటియే. దానినికూడ విడిచినచో తానెవరు?

ఆ బిందె ఎవరో లాగుకొనగా పోలేదు; ఆమెయే దించెను. కులమును గూర్చి ఆమె తనలో తాను తర్కించుకొని, ఇది దేవుడు చేసిన భేదము కాదు, మనిషి కల్పించుకొన్నదేయని నిశ్చయించుకొనెను. నాటినుండి ఎవరి చేతి నీరు త్రాగుటకును, ఎవరి చేతి అన్నము తినుటకును ఆమెకు సంకోచము లేకపోయెను. ఇది బాప్తిస్మమునకు ముందు జరిగిన మార్పు. సంఘమున చేరుటకు మునుపే ఆమె తన వంటయింటిలో మారిపోయెను. మతాంతరమును గూర్చిన గ్రంథములలో సాధారణముగా విశ్వాసము ముందు, ఆచారము తరువాత మారును. లక్ష్మీబాయి విషయమున క్రమము తారుమారైనది. అట్లు తారుమారగుటయే సహజమని ఆమె కథనము తోపింపజేయును. స్త్రీ బ్రతుకున మతము గ్రంథములలోకంటె పొయ్యి దగ్గరను, నీటి దగ్గరను ఎక్కువగా ఉన్నది. అక్కడ మారనిది మారినట్లు కాదు.

ఇంత దూరము వచ్చిన తరువాత ఏ రచయితయైనను వెనుకకు తిరిగి పాతదానిని తూలనాడుట వింత కాదు. లక్ష్మీబాయి అట్లు చేయలేదు. బ్రాహ్మణ గృహముల పండుగలను, పాటలను, వంటకములను, అక్కచెల్లెండ్ర ముచ్చటలను ఆమె ఎట్టి సంకోచమును లేకుండ ఆప్యాయముతో స్మరించును. క్రైస్తవ సంఘములోని లోపములను, అందును నిలిచియున్న పాత కులాభిమానములను ఆమె చూడకపోలేదు. వెనుకటిది చీకటియని గాని, ముందరిది వెలుగని గాని పుట పైన గీత గీయుటకు ఆమె అంగీకరింపదు. మరాఠీ విమర్శకులు పెక్కుమంది మెచ్చుకొన్న ఆమె హాస్యమునకు పని ఇక్కడ ఉన్నది. అది అలంకారము కాదు. తన పాత రూపమును ఖండింపకుండ, సమర్థింపకుండ, ఎడముగా నిలిచి చూచుటకు ఆమె కనుగొన్న సాధనమది. నవ్వగలిగిన దానిని మనిషి దాచిపెట్టవలసిన పనిలేదు, వెంట తెచ్చుకొనవచ్చును.

మార్పుల నడుమ ఆమెను నిలబెట్టినది ఏది? పెద్ద సంకల్పములు ఆమె గ్రంథమున కానరావు. ధైర్యమును గూర్చి ఉపన్యాసము ఒక్కటియు లేదు. నిద్ర లేచిన వెంటనే చేయవలసిన పని ఒకటి ఎల్లప్పుడును ఆమె ముందుండెను. బిడ్డకు అన్నము పెట్టవలెను. చేరదీసిన అనాథలకు తలలు దువ్వవలెను. ప్లేగు రోజులలో రోగుల ప్రక్కన కూర్చుండవలెను. ఆ పనులు చేయుచుండగా ఆమెకు తెలియకుండగనే కొత్త మనిషి తయారయ్యెను. బెంగాలున రాససుందరీ దేవి ‘ఆమార్ జీవన్’ ఈ సందర్భమున జ్ఞప్తికి వచ్చును. పెద్ద సంసారపు చాకిరిలో మునిగియున్న ఆ ఇల్లాలు, చైతన్య భాగవతము నుండి తీసిన ఒక పుటను వంటయింట దాచుకొని, కుమారుడు అక్షరములు దిద్దిన తాటాకుతో సరిపోల్చుకొనుచు, ఎవరి కంటను పడకుండ చదువు నేర్చినది. అక్కడ మార్పు బయటినుండి రాలేదు. లోపలినుండి రహస్యముగా తవ్వుకొన్నది. లక్ష్మీబాయి విషయమున బయటి ఇల్లు కూలినది. ఇరువురను నిలబెట్టినది మాత్రము దినదినము చేతితో చేసిన చిన్న పనియే.

మరాఠీలోనే మరియొక పోలిక కలదు. మహాదేవ గోవింద రానడే భార్య రమాబాయి 1910లో తమ జీవితములోని కొన్ని జ్ఞాపకములను ప్రకటించెను. భర్త ప్రోద్బలముతో చదువుకొన్నందుకు ఇంటిలోని స్త్రీలు పెట్టిన బాధలను ఆమె అందు నిర్వికారముగా వర్ణించెను. ఆ గ్రంథము 1901లో రానడే మరణముతో ముగియును. ఆ తరువాత పూనాలో సేవాసదనమును నడపిన రమాబాయి అందు లేదు. భర్తతో కథ ముగియుట ఆమె దృష్టిలో న్యాయమే. లక్ష్మీబాయి గ్రంథము 1919తో ముగియదు. బొంబాయిలో బాలికల వసతిగృహమున మేట్రనుగా పనిచేసిన నాళ్ళును, నాడు బొంబాయి ప్రెసిడెన్సీలో చేరియుండిన కరాచీలో కుమారుని కుటుంబముతో గడపిన నాళ్ళును అందు చోటు చేసికొన్నవి. వితంతువైన తరువాతి బ్రతుకుకూడ చెప్పదగినదేయని ఆమె భావించినది. నాటి భారతీయ సాహిత్యమున ఇది చిన్న విషయము కాదు.

ఈ గ్రంథమునకు ఆంగ్లమున కలిగిన పేర్లు ఈ సందర్భమున ఆలోచింపదగినవి. 1950లో జోసెఫిన్ ఇంక్‌స్టర్ చేసిన అనువాదమునకు ‘ఐ ఫాలో ఆఫ్టర్’ అని పేరు. అనగా ‘నేను వెంట నడతును’. 2017లో శాంతా గోఖలే చేసిన అనువాదము ఉపశీర్షికలో ఆమెను చైతన్యవతియైన భార్యగా పేర్కొన్నది. రెండును శ్రద్ధతో చేసిన అనువాదములే. ఐనను రెండు పేర్లును ఆమెను భర్త వైపునుండి పరిచయము చేయుచున్నవి. మొదటి పేరు గ్రంథముతోనే విభేదించుచున్నది. ఆమె వెంట నడచినది నిజమే. కాని ఐదేండ్లు ఆలస్యముగా, తన బిందెతో, తన తర్కముతో, తన కాళ్ళతో నడచినది. భర్త చేరిన చోటికి ఆమె చేరినది గాని భర్త నడచిన దారిని కాదు. మరాఠీ పేరు ఈ చిక్కులలో పడలేదు. అది ఎవరి భార్యను గూర్చియు చెప్పదు. స్మృతిచిత్రములని మాత్రమే చెప్పును.

గ్రంథమున లోపములు లేకపోలేదు. కాలక్రమము అక్కడక్కడ తప్పును. ఒక ప్రకరణము ఏ సంవత్సరమునకు చెందినదో పాఠకుడు ఊహించుకొనవలసి వచ్చును. పసిబిడ్డల మరణముల వంటి దారుణములను ఆమె కొన్ని పంక్తులలో దాటిపోవును. ప్రార్థనలో, ధ్యానములో ఆమె మనస్సు ఎట్లుండెనో తెలిసికొనగోరిన పాఠకుడు నిరాశ చెందును. హాస్యమునకు గల హద్దు ఇదియే కావచ్చును: నవ్వుటకు వీలులేని చోట ఆమె మౌనము వహించును. ఐతే ఆ మౌనములను కపటమనుట అన్యాయము. మాటలాడినట్లు వ్రాసిన ఆమె వచనములో అవి ఇంటిలోని పెద్దలు మాట నడుమ ఆగి, చెంగుతో కన్నులు తుడుచుకొని, మరల కథ అందుకొన్నట్లే ఉన్నవి.

తుదకు ఒక విషయము చెప్పవలసియున్నది. తిలక్ ‘క్రిస్తాయన్’ అను మహాకావ్యమును 1909లో ఆరంభించి, 10 అధ్యాయములు వ్రాసి, దానిని ముగింపకయే గతించెను. మిగిలిన 64 అధ్యాయములు లక్ష్మీబాయి వ్రాసెను. బడికి పోని స్త్రీ కవి ఆపిన చోట కలము అందుకొని కవి వ్రాసినదానికి ఆరింతలకు పైగా వ్రాసినది. దీనిని భర్తృభక్తి యనవచ్చును, ఆమెయు కాదనదు. ఐతే కావ్యము పై భర్త పేరు నిలుచునట్లు శ్రమించిన ఆ చేతనే, భర్త జీవితచరిత్రకు పనికివచ్చు సంగతులు చెప్పుమని కుమారుడు అడుగగా మొదలిడిన జ్ఞాపకములు తన ఆత్మకథగా మారినవి. రెండు పనులు, రెండు ఫలితములు. మొదటిదానిలో ఆమె మరొకరి కథను పూర్తి చేసెను. రెండవదానిలో మరొకరి కథ చెప్పబూని తన కథను కనుగొనెను.

మతము, కులము, ప్రాంతము పేర మనుష్యులు ఒక ఒడ్డునుండి మరొక ఒడ్డునకు దాటవలసి వచ్చుట ఈ దేశమున నేటికిని ఆగలేదు. దాటినవారిని రెండు ఒడ్డులును ఒకే ప్రశ్న అడుగును: నీవిప్పుడు ఎవరవు? విడిచిన ఒడ్డు వారిని తిట్టుమనును. చేరిన ఒడ్డుకూడ వెనుకటిదానిని తిట్టి నమ్మకము నిరూపించుకొనుమనును. తొంబది యేండ్ల క్రిందట లక్ష్మీబాయి ఈ రెండు మాటలను వినక, తండ్రి మడిని, తన బిందెను, భర్త ఖాళీ చేసిన బియ్యపు డబ్బాను, సంఘపు ఆదరమును ఒకే మూటగా కట్టుకొని వచ్చినది. ఆ మూటను విప్పి చూపుటయే ఆమె సమాధానము. మారిన మనిషికి తన గతముపై హక్కు పోదని ఇంత నెమ్మదిగా, ఇంత నవ్వుచు చెప్పిన గ్రంథము భారతీయ భాషలలో మరొకటి దొరకుట కష్టము.